అరగంటను అంకితం చేయవచ్చా?

సందేహం: ‘రోజుకు అరగంట నడకకు అంకితం చేయండి’ అని ఒక ఆరోగ్య శీర్షికలో చదివాను. ఇంగ్లిషు ‘డివోట్’, ‘డెడికేట్’ రెండింటికీ ‘అంకితం’ వాడవచ్చా? ‘అడోర్’ అంటే ఆరాధించడమేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, అరగంటను కేటాయిస్తాం, వెచ్చిస్తాం. అంకితం చేస్తే పుచ్చుకొనేవాడు ఒకడుండాలి. ఇక్కడ ఎవరు, నడకా?

‘డివోట్’కు మూలం లాటిన్‌లో మొక్కుకోవడం అనే అర్థమున్న ‘వోవెరె’. దానికి ‘దే’ చేరి, మొక్కుకొని పూర్తిగా దేవతల పరం చేయడం అయింది. రోమన్ల ఈ మొక్కు మన ముడుపులాంటిది కాదు. క్రీ.పూ. 340లో ఇటలీలోని వెసూవియస్ కొండ దగ్గర జరిగిన పోరులో తన సేన వెనక్కి తగ్గుతుంటే, రోమ్ కాన్సుల్ (ఏడాదికి ఎన్నికైన పాలకుడు, సేనాని) దేకియుస్ మూస్ తలమీద ముసుగు వేసుకొని, ఈటెమీద నిలబడి, పురోహితుడు చెప్పించిన మంత్రం పలికి, తననూ శత్రుసేననూ కలిపి పాతాళ దేవతలకు అప్పగించాడట. ఆపైన శత్రువుల మధ్యకు గుర్రాన్ని ఉరికించి చచ్చిపోయాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఆ వాసన ఇంగ్లిషులోనూ చాలాకాలం ఉంది. 1667 నాటి మిల్టన్ కావ్యం ‘పారడైజ్ లాస్ట్’లో, దేవుడు వద్దన్న పండు తిన్న ఈవ్‌ను ఆడమ్ మృత్యువుకు ‘డివోట్’ అయినదంటాడు. పొద్దున నడకకు ఇంత అవసరమా?

‘డెడికేట్’ చాటి చెప్పి దైవపరం చేయడం. దానికి ‘అంకితం’ బాగానే నప్పుతుంది.

అంకం అంటే గుర్తు, అంకితం గుర్తు పడినది. భుజాలమీద శంఖచక్రాల ముద్రలు వేయించుకొన్నవారు శంఖచక్రాంకితులు. కృతిపతి, అంటే కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్నవాడు, అతని పేరు పడ్డ కావ్యమూ అలాంటిదే. కానీ ఇక్కడ పోతనను తలవకుండా నా కలం ముందుకు సాగదు.

‘ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్
సొమ్ములు గొన్ని పుచ్చుకొని’

అని మొదలుపెట్టి, ‘సమ్మతి శ్రీహరి కిచ్చి చెప్పె నీ బమ్మెర పోతరాజొకఁడు’ అంటాడు. చూశారా, ‘అంకితం’ మాటే లేదు. రెండుచోట్లా ‘ఇచ్చి’. పిల్లనిచ్చాం అనే ఇంటిమాట. కావ్యాన్ని కన్యగా, పుచ్చుకొన్నవాణ్ణి కృతిపతిగా భావించిన సంప్రదాయానికి అంతకన్నా తగిన క్రియ ఏముంది? ఇంకో సంగతి. రాజులకిచ్చినప్పుడు వెంటనే ‘పుచ్చుకొని’ వచ్చింది. శ్రీహరికిచ్చినప్పుడు రాలేదు! ఆ ‘గొన్ని’లో ఎంత వెటకారమో! ఊళ్లూ వాహనాలూ ఇచ్చినా పోతన లెక్కలో అవి ‘కొన్ని సొమ్ములే’. ఈ పద్యాన్ని భక్తికి ఉదాహరణగా బట్టీపట్టిస్తారు గాని, ఇందులోని క్రియల వరస ఎవరూ చూపించరు.

ఇప్పుడు వంతెన కట్టినా ‘జాతికి అంకితం’. జాతి సొమ్ముతో కట్టినదాన్ని జాతికే అంకితమివ్వడం, కన్యాదాత పిల్లను ఆమె పుట్టింటికే కన్యాదానం చేయడం. ‘ప్రారంభించారు’ అంటే ఏం తక్కువైంది? ఉద్యోగ ప్రకటనల్లో ‘అంకితభావం’ మరీ ఎక్కువైంది. గుర్తు వేసిన భావం ఎలా ఉంటుందో నాకు బోధపడదు. అంకితమైనవాడి భావం అని సమాసం విడదీసి సమర్థించేవారూ ఉన్నారు, కాదనలేను. ‘జీవితాన్ని గ్రంథాలయోద్యమానికి అంకితం చేశారు’ వంటి వాక్యాలు వాడుకలో స్థిరపడ్డాయి కనుక ఉండనివ్వండి. ‘ధారపోశారు’ అంటే నాకు మరింత ఇష్టం. అరగంటకు మాత్రం వద్దు.

‘అడోర్’ మూలంలో ప్రార్థించడమే, కాబట్టి దేవుడి విషయంలో ‘ఆరాధించు’ సరే. ఇంగ్లిషువారు పచ్చళ్లనూ అడోర్ చేస్తారు. అక్కడ మాత్రం ‘ఆవకాయంటే ప్రాణం’ అనండి.