పాఠకుల ప్రశ్నలు: దేశం దాటిన క్రిస్మస్

డిసెంబర్ సంచిక కోసం వచ్చిన ఉత్తరాల్లో, విదేశాల్లో ఉన్న బిడ్డలు, భర్తలు, మనుమలు క్రిస్మస్‌ను ఎలా జరుపుకుంటున్నారన్న ప్రశ్నలే ఎక్కువగా ఉన్నందున ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. క్రిస్మస్‌కు ఫోన్ చేసినప్పుడల్లా, రోడ్డు మీద మనిషన్నవాడు కనిపించడని, మన వాడకట్టులో ఉండే సందడి అక్కడ ఏ కోశానా లేదని బాధపడతాడు. క్రైస్తవులే ఎక్కువగా ఉన్న దేశంలో పండుగ అంత నిశ్శబ్దంగా ఉండటం నిజమేనా, లేక ఒంటరితనం వల్ల వాడికి అలా అనిపిస్తున్నదా?
ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెబుతున్నది నిజమే. అమెరికాలో క్రిస్మస్ సందడి పండుగ నాటికే అయిపోతుంది. నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ మొదలుకొని దుకాణాల అలంకరణలు, ఆఫీసు విందులు, ఇళ్ల ముందు దీపాల తోరణాలు నెల రోజుల పాటు సాగి, 24వ తేదీ సాయంత్రం చర్చిలో కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుకోవడంతో ఆ హడావిడి ముగుస్తుంది. 25వ తేదీ పూర్తిగా ఇంటిది. పొద్దున చెట్టు కింద పెట్టిన బహుమతులు విప్పుకుంటారు, తర్వాత కుటుంబమంతా కలిసి భోంచేస్తారు, బయటికి పెద్దగా రారు. మనవాళ్లకు అన్నిటికంటే వింతగా తోచేది మరొకటి ఉంది. క్రిస్మస్ ఆదివారం నాడు పడకపోతే అక్కడి అనేక ప్రొటెస్టెంట్ సంఘాల్లో 25న ఆరాధనే ఉండదు. కొత్తబట్టలు కట్టుకొని తెల్లవారగానే చర్చికి వెళ్లడమే పండుగ అని తెలిసి పెరిగిన మనిషికి, ఆ రోజున తాళం వేసి ఉన్న చర్చి కనిపిస్తే మనసు చివుక్కుమనడంలో ఆశ్చర్యం లేదు.

దీని వెనుక చరిత్ర ఉంది. క్రిస్మస్‌కు బైబిలులో ఆధారం లేదని నమ్మిన ప్యూరిటన్లు అనే కఠిన నియమాల ప్రొటెస్టెంట్లు అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659లో ఒక చట్టం చేసి, పండుగ జరుపుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించారు. 1681లో గానీ అది రద్దు కాలేదు. అమెరికా కేంద్ర ప్రభుత్వం క్రిస్మస్‌ను సెలవుదినంగా గుర్తించినది 1870లో మాత్రమే. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ పండుగ మళ్లీ పుంజుకున్నప్పుడు, అది చర్చి కంటే ఎక్కువగా ఇంటిని, పిల్లలను, బహుమతులను అల్లుకొని పెరిగింది.

మన దగ్గర కథ వేరు. ఈ ప్రాంతపు పల్లెల్లో క్రైస్తవం చాలాచోట్ల వాడలకు వాడలుగా, సంఘాలుగా వచ్చింది. ఊరి మొత్తం మీద కొద్ది ఇళ్లవారే అయినప్పుడు, ఎవరికి వారు తలుపు వేసుకొని చేసుకుంటే అది పండుగ అనిపించుకోదు. అందుకే నెల పొడుగునా సెమీ క్రిస్మస్‌లు, రాత్రిపూట ఇంటింటికీ తిరిగే క్యారల్స్, వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి ఇంటి మీద ఎత్తుగా కట్టే నక్షత్రం, ఆరాధన ముగిశాక సంఘమంతా బంతిలో కూర్చొని తినే బగారా అన్నం, ఆ తర్వాత ఇరుగుపొరుగు హిందువుల, ముస్లింల ఇళ్లకు చేరే గిన్నెలు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చికి ఆ తేదీన అన్ని మతాలవారూ జాతరకు వచ్చినట్టే వస్తారు. కాజీపేట ఫాతిమానగర్ కేథడ్రల్ దగ్గర కనిపించే జనం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

మీ అబ్బాయి ఇబ్బంది ఇక్కడే ఉంది. అక్కడి ఇంటి పండుగకు కావలసిన బంధుజనం అతనికి లేరు, ఇక్కడి సంఘం పండుగకు అతను రాలేడు. పెద్ద నగరాల్లో ఉన్న తెలుగు సంఘాలు చాలావరకు 25కు ముందు వచ్చే శనివారమో ఆదివారమో కలిసి పండుగ చేసుకుంటాయి కనుక, ఆ రోజును వదులుకోవద్దని అతనికి చెప్పండి. 25 నాడు అతను వెతుక్కునేదంతా అక్కడ ముందే జరిగిపోయి ఉంటుంది.

ఇంకో మాట, మీకు ఉపయోగపడేది. హనుమకొండలో 24 అర్ధరాత్రి ఆరాధన మొదలయ్యే సమయానికి డాలస్‌లో 24 మధ్యాహ్నం పన్నెండున్నర. అప్పుడతను ఆఫీసులో ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆ రోజు అక్కడ సాధారణంగా సెలవు కాదు. అతనికి పండుగ పొద్దు పది గంటలయ్యే వేళకు మీకు 25 రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. అప్పటికి మీ ఇంట్లో చుట్టాలు వెళ్లిపోయి, గిన్నెలు కడగడం కూడా అయిపోయి ఉంటుంది. అలసటతో ఒకటి రెండు మాటలు మాట్లాడి ఫోన్ పెట్టేయకుండా, ఆ ఒక్క రాత్రి కాస్త మేలుకొని ఉండండి.

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో పని చేస్తారు. పోయినేడు క్రిస్మస్‌ను శుక్రవారం నాడు చేసుకున్నామని, 25న మామూలుగానే డ్యూటీకి వెళ్లానని చెప్పారు. అది విన్న మా అత్తమ్మ, పండుగ తేదీని మార్చడం ఏమిటని నొచ్చుకున్నారు. అలా చేసుకోవడం తప్పా?
ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: తప్పు కాదమ్మా. ఈ విషయంలో నేను పూర్తిగా మీ ఆయన పక్షమే.

కువైట్‌లో వారాంతపు సెలవులు శుక్రవారం, శనివారం. క్రిస్మస్‌కు సెలవు లేదు. అందువల్ల అక్కడి క్రైస్తవ సంఘాల ప్రధాన ఆరాధన ఏడాది పొడుగునా శుక్రవారమే జరుగుతుంది. చర్చి ఆవరణలు కొన్నే ఉండటంతో ఒకే ఆవరణలో అనేక భాషల సంఘాలు గంటల లెక్కన వంతులు వేసుకుంటాయి. ఒక సంఘం బయటికి వస్తుండగా మరొకటి వాకిట్లో ఎదురుచూస్తుంటుంది. ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి ప్రభుత్వ సెలవులు శని, ఆదివారాలకు మారాయి గానీ, నిర్మాణ పనుల్లో, దుకాణాల్లో ఉన్నవారికి సెలవు ఏ రోజన్నది యజమాని నిర్ణయాన్ని బట్టే ఉంటుంది. సౌదీ అరేబియాలో చర్చిలే లేవు. అక్కడున్నవారు నలుగురు కలిసి గదిలో గొంతు తగ్గించి ప్రార్థన చేసుకోవడమే పండుగ. అన్నిటికంటే కష్టం ఇళ్లల్లో పనికి కుదిరిన ఆడవాళ్లది. వాళ్లకు వారపు సెలవు దొరకడమే గగనం, ఇక పండుగ మాట ఎక్కడిది?

తేదీ గురించి అత్తమ్మ గారికి ఇలా చెప్పి చూడండి. డిసెంబర్ 25 రోమ్ నగరంలో నాలుగో శతాబ్దంలో స్థిరపడిన తేదీ. ఆర్మేనియా సంఘం నేటికీ జనవరి 6న, రష్యా, ఇథియోపియా సంఘాలు జనవరి 7న క్రీస్తు జననాన్ని స్మరిస్తాయి. జనవరి 6 మన ప్రాంతానికి కూడా కొత్త తేదీ కాదు. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన అజరయ్య కట్టించిన కేథడ్రల్‌ను 1939లో ఆ తేదీనే ప్రతిష్ఠించారు. ఇంత దూరం పోవడం కూడా ఎందుకు? మన ఊళ్లలో డిసెంబర్ మొదటి వారం నుంచే రోజుకొక ఇంట్లో సెమీ క్రిస్మస్ చేసి, కేకు కోసి, పిల్లలతో నాటికలు వేయిస్తున్నప్పుడు లేని అభ్యంతరం, ఎడారిలో పనిచేసే మనిషి దొరికిన శుక్రవారాన్ని పండుగగా చేసుకున్నప్పుడు ఎందుకు రావాలి?

గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారి మాటల్లో నేను తరచుగా వినే సంగతి ఒకటుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి వెళ్లినవారు అక్కడ ఒకే గదిలో సర్దుకుంటారు. ఆ గదిలో పండుగ ఎవరిదైనా వంట అందరిదీ. ఊళ్లో వేర్వేరు వాడల్లో పెరిగి ఒకరి ఇంట్లో ఒకరు నీళ్లు తాగని ఇళ్లవాళ్లు, అక్కడ ఒకే గంజులోని బగారా అన్నం తింటారు. విదేశపు క్రిస్మస్‌ను ఇంటి క్రిస్మస్‌తో పోల్చి చూసేటప్పుడు, ఇంటి దగ్గర లేనిది ఒకటి అక్కడ ఉన్నదని ఒప్పుకోవలసిన చోటు ఇది.

ప్రశ్న: చాలాకాలం ఇంగ్లండ్‌లో పనిచేసి కాజీపేటకు తిరిగివచ్చాను. అక్కడ క్రిస్మస్ ఎంతో ప్రశాంతంగా ఉండేది. ఇక్కడ డీజేలు, సౌండ్ బాక్సులు, కొనుక్కొచ్చిన ప్లాస్టిక్ నక్షత్రాలు తప్ప నా చిన్ననాటి పండుగ ఎక్కడా కనిపించడం లేదు. మనవాళ్లకు భక్తి తగ్గిందా?
ఒక విశ్రాంత ఉద్యోగి, కాజీపేట

జవాబు: అక్కడి ప్రశాంతతను భక్తి లెక్కలో వేయకండి. ఇంగ్లండ్‌లో 280 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు క్రిస్మస్ రోజున తెరవకూడదని 2004లో చేసిన చట్టం చెబుతున్నది. ఆ రోజున రైళ్లు నడవవు, లండన్‌లో సిటీ బస్సులు కూడా తిరగవు. కారు లేనివాడు ఇంట్లో ఉండక ఎక్కడికి పోతాడు?

డీజేల విషయంలో మాత్రం మీతో సగం ఏకీభవిస్తాను. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు, అంతే. తెల్లవారుజామున నాలుగింటికి వీధిలో పెట్టె మోగించి పక్కింటి బాలింతను నిద్ర లేపడం పండుగ కిందికి రాదు.

కానీ మిగిలిన సగం మాట కూడా వినండి. మీ చిన్ననాటి క్యారల్స్ ఎలా నడిచేవో గుర్తు చేసుకోండి. పదిహేను నుంచి ఇరవై అయిదేళ్ల వయసు పిల్లలు ఢోలక్, కంజీర పట్టుకొని చలిలో ఊరంతా తిరిగేవారు. ప్రతి ఇంట్లో ఒక పాట, ఒక ప్రార్థన, కప్పు చాయ్, డబ్బాలో నాలుగు రూపాయలు. ఆ డబ్బుతోనే చర్చి అలంకరణ, పండుగ భోజనం, బీద పిల్లల బట్టలు వెళ్లేవి. ఆ వయసు పిల్లలు ఇవాళ ఊళ్లో ఎంతమంది ఉన్నారు? కొందరు హైదరాబాద్‌లో, కొందరు దుబాయిలో, కొందరు మీరున్న ఇంగ్లండ్‌లోనే ఉన్నారు. ఇంటింటికీ తిరిగి పాడే గొంతులు వెళ్లిపోయిన చోటికి, ఆ గొంతులు పంపే డబ్బు వచ్చింది. చాలా ఊళ్లలో క్రిస్మస్ ఖర్చుల జాబితా చదివితే, సౌండ్ బాక్సుల ఎదురుగా కనిపించే దాత పేరు విదేశాల్లో ఉన్నవారిదే. అలా డబ్బు పంపినవాడే రెండేళ్లకొకసారి సెలవుపై వచ్చి, పండుగ మారిపోయిందని వాపోతాడు. వలస వెళ్లిన ఏటి క్రిస్మస్‌ను మనసులో అలాగే దాచుకొని, దానితో ఇప్పటి క్రిస్మస్‌ను కొలుస్తాడు. అతను దాచుకున్న క్రిస్మస్‌కు వయసు మీరదు. మన వీధిలోనిది మాత్రం ఏటేటా మారక తప్పదు.

మీరు ఇక్కడే ఉంటున్నారు కనుక మీ చేతిలో ఒక పని ఉంది. మీ సంఘ పెద్దలతో మాట్లాడి, డీజేకు కేటాయించే మొత్తంలో కొంత ఢోలక్ నేర్పే మనిషికి ఇప్పించండి. పాత కీర్తనలు మీకు కంఠస్థంగా ఉండి ఉంటాయి. డిసెంబర్ మొదటి వారం నుంచి సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టి నేర్పండి.

ప్రశ్న: మేము హిందువులం. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టింది. బంధువులు ఏదేదో అంటున్నారు.
ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అక్కడ ఆ చెట్టు బడికి, ఆఫీసుకు, దుకాణానికి ఎంత సంబంధించినదో చర్చికి అంతే. తోటి పిల్లలందరి ఇళ్లలో ఉన్నది తమ ఇంట్లో లేదని మీ మనుమలు అడిగి ఉంటారు. బంధువులను పట్టించుకోకండి.

ప్రశ్న: డిసెంబర్ 26న మన రాష్ట్రంలో సెలవు ఇస్తున్నారు. ఇది విదేశాల నుంచి వచ్చిందా?
ఒక విద్యార్థి, మహబూబాబాద్

జవాబు: అవును. బ్రిటన్‌లో ఆ రోజును బాక్సింగ్ డే అంటారు. దానికి బాక్సింగ్ ఆటతో సంబంధం లేదు. పనివారికి, చేతివృత్తులవారికి పెట్టెల్లో కానుకలిచ్చే పాత ఆచారం నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు. జర్మనీలోనూ ఆ రోజు సెలవే. అమెరికాలో మాత్రం కాదు. పైన చెప్పిన డాలస్ అబ్బాయి 26 పొద్దున పనిలోకి వెళ్లవలసిందే.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉన్న మా మనుమరాలికి క్రిస్మస్‌కు అరిసెలు, మటన్ పచ్చడి, ఒక స్వెటర్ పంపాలనుకుంటున్నాను. పంపవచ్చా?
ఒక నాయనమ్మ, మంచిర్యాల

జవాబు: స్వెటర్ వద్దమ్మా, అక్కడ డిసెంబర్ అంటే ఎండాకాలం. 24 సాయంత్రం పార్కులో పచ్చిక మీద కూర్చొని వేల మంది కొవ్వొత్తులతో క్యారల్స్ పాడే సంప్రదాయం ఆ నగరంలో 1938లో మొదలైంది. మీ మనుమరాలు నూలు గౌను వేసుకొని వెళ్తుంది, అది కుట్టించి పంపండి. మటన్ పచ్చడి అసలే వద్దు. ఆస్ట్రేలియాలో మాంసం, పాలు, విత్తనాలతో చేసిన పదార్థాలపై తనిఖీ చాలా కఠినంగా ఉంటుంది. జప్తు చేయడమే కాక, పార్సిల్‌లో ఏముందో చెప్పకుండా పంపితే జరిమానా కూడా పడవచ్చు. అరిసెలకు నువ్వులు అద్దకుండా, నెయ్యికి బదులు నూనెలో వేయించి, పార్సిల్ మీద పదార్థాల పేర్లన్నీ రాయించండి. అలా చేసినా లోపలికి అనుమతించాలా వద్దా అన్నది అక్కడి అధికారుల నిర్ణయమే. ఆలస్యం కాకుండా డిసెంబర్ మొదటి వారంలోనే పంపితే మంచిది.