నేవీ నుంచి వచ్చాక కష్టమంతా ఉద్యోగం దొరకడంలోనే ఉందా?

నేవీలో పదిహేనేళ్లు చేసి వచ్చినవాళ్లు అనుభవాలు చెప్పండి, బయట ఉద్యోగం దొరకడం ఎంత కష్టం, పెన్షన్ ఎంతొస్తుంది, మా తమ్ముడు వెళ్దామనుకుంటున్నాడు అని అడిగారు. ఉద్యోగం సంగతి ముందే తేల్చేస్తాను. నాకు చెప్పాలనున్నది అది కాదు.

నేను ఇంజన్ రూం వాణ్ణి. మాలో మేము స్టోకర్లం అనుకుంటాం. చిలికా సరస్సు ఒడ్డున చిల్కాలో మొదటి ట్రైనింగ్, లోనావాలాలో ఇంజన్ల చదువు, తర్వాత ముంబై, కొచ్చి, చివర్లో వైజాగ్. పెట్టీ ఆఫీసర్‌గా దిగిపోయి బ్యాంకు క్లర్కు పరీక్ష రాశాను. ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం, కింది స్టాఫ్‌లో 24.5 శాతం మాజీ సైనికులకి ఉంటాయి. టెన్త్ పాసై పదిహేనేళ్లు సర్వీసు చేస్తే గ్రూప్ సి ఉద్యోగాలకి డిగ్రీ ఉన్నట్టే లెక్క. కోచింగ్ సెంటర్లో అంకుల్ అని పిలిచే కుర్రాళ్ల పక్కన కూర్చుని కాలం-పని, రైలు-ప్లాట్‌ఫాం లెక్కలు మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నాను. వచ్చింది. బ్యాంకు రానివాళ్లు రైల్వేకో పోర్టుకో వెళ్తారు. అదీ కుదరనివాళ్లు అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ సూపర్‌వైజర్లు అవుతారు. గ్యాస్ టర్బైన్ విప్పి బిగించిన మనిషి గేటు దగ్గర కూర్చుని బళ్ల నంబర్లు రాసుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. మర్చంట్ నేవీకి పోవచ్చుగా అని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. దానికి వేరే కోర్సులు, వేరే సర్టిఫికెట్లు కావాలి, నేవీ ఇంజన్ రూంలోంచి ఇలా దిగి అలా ఎక్కేది కాదు. ఏదేమైనా ఉద్యోగం కష్టం ఏడాదో రెండేళ్లో ఉంటుంది, తర్వాత పోతుంది.

పోనిది వేరే ఉంది. దాని గురించి ఎవరూ అడగరు. ఊరెళితే అడిగేది, "నువ్వు తుపాకీ పేల్చినావేటి?" వైజాగ్ వాళ్లయితే ఘాజీ గురించి అడుగుతారు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరంలో మునిగింది 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి. అప్పటికి మా నాన్నకి పెళ్లే కాలేదు. అయినా నేనేదో దగ్గరుండి ముంచినట్టు వివరాలు చెప్పమంటారు. నేవీ డే సందర్భంగా బీచ్‌లో హెలికాప్టర్ల విన్యాసాలు చూసి, నేవీ అంటే రోజూ ఇదే అనుకుంటారు. ఆ బీచ్‌లోనే కుర్సురా ఉంది. 1969లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన సబ్‌మెరైన్, 91 మీటర్ల పొడవు. 2001లో సర్వీసు అయిపోతే ఒడ్డుకి లాగి మరుసటి ఏడాది మ్యూజియం చేశారు. లోపల గైడ్లుగా ఉండేది రిటైరైన నేవీ వాళ్లే. అంతమంది ఆ ఇరుకులో సముద్రం అడుగున ఎలా బతికారో గైడ్ చెప్పబోతాడు, జనం టార్పెడో గొట్టాల దగ్గర సెల్ఫీ తీసుకుని అవతలి గదిలోకి దూరిపోతారు. నేవీ వాళ్ల కథలు వినాలని నిజంగా ఉంటే అక్కడికెళ్లి ఆయన్ని పది నిమిషాలు ఆగి వినండి.

సరే, నా కథ. 2014 అక్టోబరు, హుద్‌హుద్ తుఫాను. అప్పుడు మేం వైజాగ్ మల్కాపురంలో అద్దెకున్నాం. క్వార్టర్‌కి పేరు రాయించి ఎదురుచూస్తున్నాం. తుఫాను వైజాగ్ మీదకే వస్తోందని ఖాయమయ్యాక మా షిప్‌ని సముద్రంలోకి తీసేయమన్నారు. మా ఆవిడకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "తుఫానొస్తోందని జాలర్లందర్నీ ఒడ్డుకి పిలుస్తున్నారు, మీరు లోపలికెళ్తారా?" అంది. అందరికీ వచ్చే అనుమానమే. జెట్టీకి కట్టేసిన షిప్‌కి గాలివానలో తప్పించుకునే దారి ఉండదు. తాళ్లు తెగుతాయి, గోడకి గుద్దుకుంటుంది, పక్క షిప్‌ని గుద్దుతుంది. అదే సముద్రంలో ఇంజన్ నడుస్తుంటే తుఫాను దారి తప్పించుకుని దూరంగా పోవచ్చు, పోలేకపోతే అలకి ఎదురుగా ముక్కు పెట్టి నిలబడొచ్చు. ఇదంతా ఆవిడకి వివరంగా చెప్పాను. "అంటే షిప్‌ని కాపాడ్డానికి తీసుకెళ్తున్నారన్నమాట. మరి మమ్మల్ని?" అంది. నీళ్లు పట్టి పెట్టుకో, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకో, కొవ్వొత్తులు తెప్పించుకో అని పెట్టేశాను. అంతకంటే ఏం చెప్తాం?

తుఫానుకి దూరంగానే ఉన్నాం. కానీ ఆ అల మమ్మల్నీ వదల్లేదు. పైన బ్రిడ్జి మీద, అంటే షిప్‌ని నడిపే గదిలో, ఉన్నవాళ్లకి వచ్చే అల కనబడుతుంది, ఏదో ఒకటి పట్టుకుంటారు. కింద మాకు కళ్లకి ఏమీ తెలీదు. షిప్ ముక్కు కిందకి దిగినప్పుడు వెనకాల ప్రొపెల్లర్ నీళ్ల పైకంటా తేలుతుంది, బరువు తగ్గి రివ్వుమని తిరుగుతుంది, ఇంజన్ గొంతు ఒక్కసారి మారిపోతుంది. ఆ గొంతు విని కడ్డీ పట్టుకోవాలి. వేడి, డీజిల్ వాసన, చెవులకి మఫ్లు, మూలన తాడుతో కట్టిన బకెట్టు. ఆ బకెట్టు ఎందుకో చెప్పక్కర్లేదు. నాలుగు గంటలు వాచ్, అంటే డ్యూటీ, ఎనిమిది గంటలు విరామం. ఆ ఎనిమిది గంటల్లోనూ మంచం మీంచి దొర్లిపడకుండా కాళ్లు అడ్డం పెట్టుకుని పడుకోవడమే. ఉప్పు బిస్కెట్లు, నిమ్మకాయ ఊరగాయ తప్ప ఏదీ లోపల ఆగలేదు.

12వ తేదీ ఆదివారం మధ్యాహ్నం తీరం దాటిందన్న కబురు కిందకొచ్చింది. గాలి గంటకి 180 కిలోమీటర్ల పైనే అన్నారు. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయిందన్నారు. ఆ ఎయిర్‌పోర్టుకీ మా ఇంటికీ ఎంత దూరమని! మేం తిని పడుకునే మెస్ డెక్‌లో, వైజాగ్‌లో సంసారం ఉన్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఊళ్లో సెల్ టవర్లు లేవు, కరెంటు లేదు. షిప్ నుంచి ఎవరికి కబురు పెట్టాలన్నా అవతల ఎత్తేవాడు లేడు. నాతో వాచ్ చేసే ఒక పంజాబీ కుర్రాడు, వాళ్ల ఊరు సముద్రమే చూడని ఊరు, "సార్, మనకి ఇక్కడ బాగానే ఉంది కదా" అన్నాడు. వాణ్ణి కొట్టనందుకు నన్ను మెచ్చుకోవాలి.

జెట్టీకి వచ్చి, సెలవు దొరికి, ఇల్లు చేరేసరికి దారి పొడుగునా చెట్లే. యారాడ కొండ మీద పచ్చ అన్నది లేదు. కొండంతా కాల్చినట్టు గోధుమ రంగు. ఆ ఏడాది వైజాగ్‌లో దీపావళికి టపాసులు కాల్చొద్దన్నారు, ఎక్కడ చూసినా ఎండిన కొమ్మల గుట్టలే కదా మరి.

ఇంట్లో అందరూ బాగున్నారు. మా వెనక గది రేకులు ఎగిరిపోతే మా ఆవిడ పిల్లలిద్దర్నీ తీసుకుని ఇంటి ఓనరు మామ్మగారి నడిమింట్లో తలుపుకి బీరువా అడ్డం పెట్టుకుని కూర్చుందట. గాలి మధ్యలో కాసేపు ఆగిందట. అయిపోయిందనుకుని అందరూ బయటికి రాబోతే ఈవిడే ఆపిందట, అవతలి వైపు నుంచి మళ్లీ వస్తుంది, ఆయన చెప్తుండేవాడు అని. నా చదువు ఇంటికి పనికొచ్చింది ఆ ఒక్కసారే. తర్వాత పాల ప్యాకెట్టు కోసం, ట్యాంకర్ నీళ్ల కోసం ఎంతెంత లైన్లలో నిలబడిందో, రేట్లు మూడింతలు చెప్తున్న రేకుల వాడితో ఎలా బేరమాడి తెప్పించిందో, అన్నీ అయిపోయాయి. నేనొచ్చేసరికి వెనక గదికి కొత్త రేకులు కూడా పడ్డాయి.

నేను స్నానం చేసి, కాఫీ తాగి, వెనక గదిలోకెళ్లి పైకి చూసి, ఈ రేకు కిందా మీదా కలిసింది తక్కువ, ఇక్కడ కారుతుంది అన్నాను. ఆవిడ చేతిలో గ్లాసు పెట్టేసి, "అంతా అయిపోయాక వచ్చి రౌండ్స్ చేస్తున్నారేంటి?" అంది. రౌండ్స్ అంటే షిప్‌లో కెప్టెన్ వచ్చి అన్ని కంపార్ట్‌మెంట్లూ తనిఖీ చేయడం. ఆ మాట ఆవిడకి నేర్పింది కూడా నేనే.

మీరడిగిన "బయటికొచ్చాక జీవితం" అంటే నా లెక్కలో ఇదే. రెండేళ్ల తర్వాత రిటైరై వచ్చి ఇంట్లో రోజూ రౌండ్స్ మొదలుపెట్టాను. పొద్దున్న ఐదున్నరకి దుప్పట్లు మడతపెట్టలేదని పిల్లల మీద అరుపు. సబ్బు రుద్దుకునేటప్పుడు కుళాయి కట్టేయమని బాత్రూం బయట నిలబడి కేకలు. షిప్‌లో మంచినీళ్లు ఉప్పునీళ్లలోంచి మేమే తయారుచేయాలి, దానికి మిషను నడపాలి, అది పాడైతే ఒళ్లు తడుపుకుని కుళాయి కట్టి, రుద్దుకుని, మళ్లీ విప్పి రెండు నిమిషాల్లో బయటపడాలి. పిల్లలకి ఇదంతా ఎందుకు? మోటార్ వేస్తే ట్యాంకు నిండుతుంది. ఇంట్లో ఏ సామాను ఎక్కడుంటుందో, ఏ చుట్టాలతో మాటలు లేవో, గ్యాస్ బుక్ ఏ నంబర్ మీద ఉందో నాకు తెలీదు. ఇన్నేళ్లూ నేను లేకుండానే నడిచేలా ఆ ఇంటిని మా ఆవిడ అమర్చుకుంది. అందులోకి వచ్చి నేను ఆర్డర్లు వేస్తే వింటారా? చిన్నాడు వాళ్లమ్మని అడిగాడు, నాన్న మళ్లీ ఎప్పుడు సెయిల్‌కి వెళ్తాడని. రిటైరైన ప్రతి నేవీ వాడింట్లోనూ ఇదే గొడవ, కాదన్నవాణ్ణి నేను నమ్మను. ఉద్యోగం వెంటనే వెతుక్కునేది డబ్బు కోసం అనుకుంటారు. పగలు ఇంట్లోంచి బయటపడ్డానికి. నేవీ అనుభవాలు మమ్మల్ని కాదు, మా ఆడవాళ్లని అడగాలని నేను అందుకే అంటాను. వాళ్లు చెప్పరు, టైం లేదంటారు.

ఇంకో సంగతి. పండక్కి ముందు మాత్రమే గుర్తొచ్చే బంధువులున్నారు. "క్యాంటీన్‌లో రమ్ము చౌకట కదా" అంటారు. మంచీచెడూ అడగరు, బాటిల్ అడుగుతారు. ఇది ఆర్మీ వాళ్లకీ ఉన్న బాధే, కాబట్టి వదిలేస్తున్నాను.

మీ తమ్ముడి విషయానికొస్తే, 2022 నుంచి తీసుకునేది అగ్నివీర్ కింద. నాలుగేళ్లు, ఆ తర్వాత నాలుగో వంతుకి మించి ఉంచుకోరు. మిగతావాళ్లకి మీరడిగిన పెన్షన్ లేదు, మాజీ సైనికుల క్లర్కు కోటా కూడా మా లెక్కన ఉంటుందనుకోవద్దు. పెళ్లికి ముందే తిరిగొచ్చేస్తాడు కాబట్టి నా గొడవ అతనికి రాదు, అతని గొడవ ఇంకోటి. ఆ నాలుగేళ్లలోనే డిగ్రీ ఏదైనా దూరవిద్యలో కట్టించండి. ఈత రాకపోతే ఇప్పుడే నేర్పించండి. మావైపు చెరువుల్లో పెరిగినవాళ్లకి చిల్కాలో ఈత పరీక్ష ఆటలా ఉండేది, ఎడారి వైపు నుంచి వచ్చినవాళ్లు మాత్రం ఏడ్చేవాళ్లు.

పెన్షన్ ఎంతని అడిగారు. మా బావమరిదికే చెప్పలేదండీ.