బ్యాంకు చిల్లర రోల్స్‌లో వెండి నాణేలు నిజంగా దొరుకుతాయా?

అమెరికా వచ్చి ఏడాది అయిందని రాశారు. మీ ఆఫీసులో ఒకాయన బ్యాంకు నుంచి చిల్లర రోల్స్ (కాగితంలో చుట్టిన నాణేల కట్టలు) తెచ్చుకుని వెండి నాణేలు ఏరుకుంటున్నాడట, ఇది నిజమేనా, మనమూ మొదలుపెట్టొచ్చా అని అడిగారు. నిజమేనండి. ఒహాయోలో ఆరేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. కాకపోతే ఏ నాణేల్లో వెతకాలో తెలియకుండా దిగితే నెలల తరబడి ఒక్కటీ కనబడదు.

ముందు అసలు సంగతి. 1964 దాకా ఇక్కడి డైమ్ (10 సెంట్లు), క్వార్టర్ (25 సెంట్లు), హాఫ్ డాలర్ (50 సెంట్లు) నాణేలలో 90 శాతం వెండి, 10 శాతం రాగి ఉండేవి. వెండి ధర పెరిగేకొద్దీ జనం వాటిని దాచుకోవడం మొదలుపెట్టారు. 1965లో చట్టం మార్చి డైమ్, క్వార్టర్లలో వెండి పూర్తిగా తీసేశారు. రాగి ముద్దకు రెండు వైపులా రాగి, నికెల్ కలిపిన పొర అతికించి కొట్టారు. చలామణికి వచ్చిన హాఫ్ డాలర్లలో మాత్రం 1969 వరకు 40 శాతం వెండి ఉంచారు. పాత నాణేలు చెల్లవని ఎవరూ అనలేదు, ఇవాళ్టికీ చెల్లుతాయి. అందుకే ఏ పెద్దాయనో యాభై ఏళ్లు సీసాలో దాచుకున్న చిల్లరను పిల్లలు చూసుకోకుండా బ్యాంకులో వేసినప్పుడు, అవి మళ్లీ బయటికి వస్తాయి.

మన దగ్గరా ఇలాగే జరిగింది. 1939 వరకు రూపాయి బిళ్లలో దాదాపు 92 శాతం వెండి ఉండేది. 1940లో దాన్ని 50 శాతానికి తగ్గించారు, 1947లో నికెల్ రూపాయి వచ్చింది. తులం అంటే మొదట్లో ఆ వెండి రూపాయి బరువే, 11.66 గ్రాములు. మా అమ్మమ్మ ఏ బిళ్ల చేతికిచ్చినా గచ్చు మీద వేసి చప్పుడు వినేది. వెండి ఖంగుమంటుంది, చాలాసేపు మోగుతుంది. ఇక్కడ మొదటిసారి 1964 క్వార్టర్ దొరికిన రోజు నేనూ దాన్ని బల్ల మీద వేసి విన్నాను. అదే మోత.

ఇక ఎక్కడ వెతకాలంటే, నా సలహా హాఫ్ డాలర్లే. వాటిని ఎవరూ పెద్దగా ఖర్చు పెట్టరు. పైగా 2002 నుంచి 2020 దాకా వాటిని చలామణి కోసం ముద్రించలేదు కూడా. బ్యాంకుల్లో తిరిగేవి ఎక్కువగా పాతవే. పైకి చూస్తే 1967దీ 1977దీ ఒకేలా ఉంటాయి కాబట్టి 40 శాతం వెండివి చాలామంది కంటపడకుండా తప్పించుకుంటాయి. డైమ్, క్వార్టర్ రోల్స్ కూడా చూశాను. వేలకు వేలు తిరగేస్తే ఎప్పుడో ఒకటి.

హాఫ్ డాలర్లు బాక్సు లెక్కన తెప్పించుకుంటే 500 డాలర్లు, 50 రోల్స్, వెయ్యి నాణేలు. నేను మొదట తెప్పించిన నాలుగు బాక్సుల్లో ఒక్క వెండి నాణెం లేదు. మనసు విరిగింది. తర్వాత ఒకరోజు చిన్న బ్రాంచిలో టెల్లర్‌ను (కౌంటర్‌లో డబ్బు ఇచ్చి పుచ్చుకునే ఆమెను) ఊరికే అడిగితే, సొరుగులోంచి ఎవరో చేత్తో చుట్టి ఇచ్చిన మూడు రోల్స్ తీసింది. 30 డాలర్లు ఇచ్చాను. కారులోనే విప్పి చూశాను, పదకొండు వెండివి! అప్పటినుంచి బాక్సుల మీద ఆశ తగ్గించుకుని, శనివారం పొద్దున నాలుగైదు బ్రాంచిలు తిరిగి, చేతితో చుట్టినవి ఉన్నాయా అని అడుగుతున్నాను. టెల్లర్లతో మర్యాదగా ఉండండి, రద్దీ టైములో వెళ్లకండి. వాళ్లే గుర్తుపెట్టుకుని పక్కన పెట్టి ఉంచుతారు.

ఒక్కో నాణెం మీద సంవత్సరం చదవక్కర్లేదు. రోల్ విప్పి నాణేలను ఒక వరసలో నిలబెట్టి అంచులు చూడండి. మామూలు వాటి అంచులో రాగి గీత ఎర్రగా కనిపిస్తుంది. 90 శాతం వెండిదైతే అంచంతా తెల్లగా ఉంటుంది. 40 శాతం దాని అంచు కొంచెం మసక బూడిద రంగు, మొదట్లో మోసపోతాం, అందుకని అనుమానం వచ్చినవాటి సంవత్సరం చూసుకోండి. అప్పటికీ టెన్షన్ ఉంటే చిన్న త్రాసు కొనుక్కోండి. వెండి క్వార్టర్ 6.25 గ్రాములు, మామూలుది 5.67. నికెల్స్‌కు, అంటే 5 సెంట్ల నాణేలకు, అంచు పరీక్ష పనికిరాదు. యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా కొట్టిన కొన్నింట్లో 35 శాతం వెండి ఉంది. వెనక వైపు భవనం బొమ్మ పైన పెద్దగా పి, డి, ఎస్‌లలో ఏదో ఒక టంకశాల గుర్తు ఉంటే అదే.

చూసేసిన నాణేలను తెచ్చిన బ్రాంచిలోనే తిరిగి ఇవ్వకండి. నేను అలాగే చేసి, రెండు వారాల తర్వాత నా పెన్ను గుర్తులున్న రోల్స్‌నే మళ్లీ డబ్బిచ్చి తెచ్చుకున్నాను. తెచ్చుకునే బ్యాంకు వేరు, జమ చేసే బ్యాంకు వేరుగా ఉండాలి. సూపర్ మార్కెట్లలో చిల్లర లెక్కపెట్టే యంత్రాలు కమీషన్ కోసేస్తాయి, వాటిలో వేయొద్దు. కానీ అటు వెళ్లినప్పుడల్లా తిరస్కరించిన నాణేలు పడే గిన్నె చూడండి. వెండి నాణేలను ఆ యంత్రాలు చాలాసార్లు బయటికి తోసేస్తాయి.

ఇంకొక్కటి, ఎంత నల్లగా ఉన్నా తోమకండి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, నాకు దొరికిన 1943 హాఫ్ డాలర్‌ను దేవుడి సామాన్లతో పాటు చింతపండు పెట్టి తళతళలాడేలా తోమింది. ప్రేమతో చేసిన పని, ఏమంటాం. నాణేల కొట్టులో చూపిస్తే ఇక వెండి ధర తప్ప సేకరణ విలువ ఏమీ రాదన్నారు. దాన్ని అమ్మలేదు, మా పూజ గదిలోనే ఉంది.

డబ్బు సంగతికొస్తే, ఔన్సు వెండి 30 డాలర్లు అనుకుని లెక్క వేస్తే 40 శాతం హాఫ్ డాలర్‌లో సుమారు నాలుగున్నర డాలర్ల వెండి, 90 శాతం దాంట్లో దాదాపు 11 డాలర్ల వెండి ఉంటుంది. దొరక్కపోయినా పెట్టిన డబ్బు పోదు, బ్యాంకులో తిరిగి వేసేస్తాం. పోయేది టైమూ పెట్రోలూ. సంపాదన కోసమైతే వద్దనే చెబుతాను. మా పాప మాత్రం ఏడేళ్ల వయసు నుంచి నా పక్కన కూర్చుని అంచులు చూస్తోంది, ఇప్పుడు నాకంటే ముందు తనే పట్టేస్తుంది.

ఈ శనివారం 20 డాలర్లు పట్టుకుని దగ్గర్లోని బ్రాంచికి వెళ్లి, హాఫ్ డాలర్లు ఏమైనా ఉన్నాయా అని అడగండి. దొరికితే ముందుగా 1968, 1969 సంవత్సరాలు, వాటి మీద డి గుర్తు చూడండి. నాకు ఎక్కువసార్లు దొరికినవి అవే.