మొక్కలది వలసా, వ్యాప్తా?

సందేహం: ‘మొక్కలు ఖండాలు దాటి వలస వెళ్ళి కొత్త జాతులయ్యాయి’ అని ఒక వ్యాసంలో చదివాను. మొక్కలకు ‘వలస’ చెల్లుతుందా?

సమాధానం: వలస అంటే ఇప్పుడు పొట్టకూటికి ఊరు విడవడం. పాత నిఘంటువుల అర్థం ఇంకా కరుకు: శత్రుసేనకు జడిసి ఇంటిల్లిపాదీ లేచిపోవడం. ఎలా చూసినా విడిచిన చోటు బోసిపోతుంది. తల్లిమొక్క అలా కదలదు. గాలికో, నీటికో, పిట్ట కడుపులోనో పోయేది విత్తే. కనుక నా ఓటు ‘వ్యాప్తి’కి. ‘ఆప్’ ధాతువుకు అందుకోవడం, చేరడం అని అర్థం. ప్రాప్తి, పర్యాప్తం, సమాప్తి, చివరికి ఆప్తుడు కూడా అందులోంచి వచ్చినవే. ముందు ‘వి’ చేరితే నలుదిక్కులా అందుకోవడం. ఉన్నచోటు వదలకుండానే కొత్తచోటు పట్టడం! ఇంత చక్కని మాటను పత్రికలవారు అంటురోగాలకు రాసిచ్చేసి, పాపం మొక్కల చేత మూటాముల్లె సర్దించారు.

ఆ వాక్యంలో అసలు పొరపాటు ‘వెళ్ళి... అయ్యాయి’ దగ్గరుంది. వెళ్ళినంత మాత్రాన జాతి మారదు. కొబ్బరికాయ సముద్రం మీద తేలుతూ ఎన్ని తీరాలు పట్టినా నేటికీ ఒకే జాతి. పుట్టినచోటితో పుప్పొడి రాకపోకలు తెగాలి, తరాల తరబడి మార్పులు పేరుకోవాలి. పత్తి దారి ఇంకా విచిత్రం. ఆఫ్రికా, ఆసియాల పత్తికి బంధువైన విత్తు పది ఇరవై లక్షల ఏళ్ళ కిందట సముద్రం దాటి అమెరికా చేరింది. ఉప్పునీటిలో విత్తు చావదా అంటారేమో. డార్విన్ 87 రకాలు నానబెడితే 28 రోజుల తర్వాత 64 రకాలు మొలిచాయి. అలా వచ్చిన పత్తికీ, అమెరికాలో అప్పటికే ఉన్న పత్తికీ 26 క్రోమోజోములే. ఆ రెండింటి సంకరంలో చెరొక 13 కలిశాయి కానీ వాటికి జతలు కుదరవు, అలాంటి మొక్క గొడ్డుబోతుంది. సంఖ్య రెట్టింపై 52 కావడంతో ప్రతిదానికీ జత దొరికి వంశం నిలిచింది. హవాయి దీవుల సొంత పత్తిజాతి, గాలపాగోస్ దీవుల సొంత పత్తిజాతుల్లో ఒకటి ఈ సంతతే. నేడు ప్రపంచంలో పండే పత్తిలో అత్యధిక భాగమూ ఇదే.

అలాగని వలసను వెలివేయను. మంచుయుగం ముగిసి ఉత్తరార్ధగోళం వేడెక్కినప్పుడు అడవుల ఉత్తరపు అంచున మొలకలు లేస్తుంటే దక్షిణపు అంచు ఎండిపోయింది. అక్కడ చోటు నిజంగానే ఖాళీ అయింది. వలస అంటే ఒప్పుకుంటాను. మీ వాక్యాన్ని మాత్రం ‘మొక్కలు ఖండాలు దాటి వ్యాపించాయి, వాటి సంతతిలో కొత్త జాతులు ఏర్పడ్డాయి’ అని దిద్దుకోండి.