ఇన్‌స్టాల్ పూర్తయినా సర్వర్ బూట్ కావడం లేదు

ప్రశ్న: మా కళాశాల ల్యాబ్ కోసం ఒక పాత టవర్ సర్వర్ కొన్నాం. అందులో 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు పెట్టి, పెన్‌డ్రైవ్‌తో డెబియన్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాల్ చేశాను. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే మొదటిదాన్ని ఎంచుకున్నాను. ఏ ఎర్రరూ రాలేదు. రీస్టార్ట్ చేస్తే మాత్రం బూట్ డివైస్ దొరకలేదన్న సందేశం వస్తోంది. మూడుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతే. డిస్కులు పాడయ్యాయంటారా?
— ల్యాబ్ అసిస్టెంట్, తెనాలి

జవాబు: ముందుగా అనుమానించవలసింది డిస్కులను కాదు. పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపించిందంటే, మీ సర్వర్ పాత బయోస్ పద్ధతిలోనూ, దాని తర్వాత వచ్చిన యూఈఎఫ్ఐ పద్ధతిలోనూ బూట్ కాగలదన్నమాట. పెన్‌డ్రైవ్ ఏ పద్ధతిలో బూట్ అయితే ఇన్‌స్టాలర్ ఆ పద్ధతికి తగిన బూట్‌లోడర్‌నే (ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌నే) డిస్కులో పెడుతుంది. సర్వర్ సెటప్‌లో (బోర్డు సెట్టింగ్‌ల తెరలో) హార్డ్ డిస్కుకు ఇంకో పద్ధతి ఎంచుకుని ఉంటే, సర్వర్ ఆ బూట్‌లోడర్ ఉన్న చోటుకే వెళ్లదు. మూడుసార్లూ అదే పేరును ఎంచుకుని ఉంటారు కనుక ఫలితమూ మారలేదు.

నాలుగోసారి ఇన్‌స్టాల్ చేసే ముందు, పెన్‌డ్రైవ్‌లోని రెస్క్యూ మోడ్‌లో (బూట్ కాని సిస్టమ్‌ను బాగుచేసుకునే మోడ్‌లో) డిస్కులోని సిస్టమ్‌ను తెరిచి, ఎఫ్‌డిస్క్ కమాండ్‌తో పార్టిషన్ల (డిస్కులోని విభాగాల) జాబితా చూడండి. ‘ఈఎఫ్ఐ సిస్టమ్’ అన్న పార్టిషన్ కనిపిస్తే మీ ఇన్‌స్టాల్ యూఈఎఫ్ఐ పద్ధతిలో జరిగింది. సెటప్‌లో బూట్ మోడ్‌ను యూఈఎఫ్ఐకి మారిస్తే చాలు. ‘బయోస్ బూట్’ అన్న చిన్న పార్టిషన్ కనిపిస్తే పాత పద్ధతిలో జరిగినట్లు. అప్పుడు లెగసీ (పాత బయోస్) మోడ్ పెట్టి నెట్టుకురావచ్చు గానీ, బూట్ మోడ్‌ను యూఈఎఫ్ఐ ఒక్కటిగానే ఉంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే నా సలహా. అలా చేస్తే మెనూలో పెన్‌డ్రైవ్ పేరు ఒక్కసారే వస్తుంది, తికమక ఉండదు. పార్టిషన్ల వివరాలుండే పట్టిక కొత్త రకమైన జీపీటీయే ఉండాలి; పాత రకమైన ఎంబీఆర్‌లో సెక్టార్ (డిస్కులోని చిన్న గడి) సంఖ్యకు 32 బిట్లే చోటు కనుక, 512 బైట్ల సెక్టార్ల లెక్కన సుమారు 2.2 టీబీ దాటిన భాగం దానికి అందదు.

బూట్ మోడ్ సరిపోయినా అదే సందేశం వస్తే, ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) డెబియన్ పేరిట ఉన్న బూట్ ఎంట్రీని గుర్తుంచుకోవడం లేదని అనుకోవాలి. కొన్ని పాత బోర్డులు డిస్కులో ఒక నిర్ణీత ఫోల్డర్‌ను మాత్రమే వెతుకుతాయి. డెబియన్ బూట్‌లోడర్ గ్రబ్‌ను ఆ ఫోల్డర్‌లో (రిమూవబుల్ మీడియా మార్గంలో) కూడా పెట్టే అవకాశం డెబియన్ రెస్క్యూ మెనూలోనే ఉంది. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ గడియారం కూడా తప్పుతుంటే, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మార్చండి. సెటప్ చెరిగిపోతున్నది దానివల్లే కావచ్చు.

మీరు అడగకపోయినా ఒక మాట. రెండు డిస్కులను సాఫ్ట్‌వేర్ రెయిడ్‌తో మిర్రర్ చేసినా (ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ ఉండేలా పెట్టినా), మామూలు ఏర్పాటులో ఈఎఫ్ఐ పార్టిషన్ ఆ మిర్రర్‌లోకి రాదు. మొదటి డిస్కు పోయిన రోజున డేటా రెండోదానిలో భద్రంగానే ఉంటుంది, సర్వర్ మాత్రం లేవదు. అందుకని రెండో డిస్కులోనూ అంతే పరిమాణంలో ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, మొదటిదానిలోని ఫైళ్లను అందులోకి కాపీ చేయండి. ల్యాబ్ ఫైళ్లు ఎక్కించక ముందే, సర్వర్ ఆపి మొదటి డిస్కు కేబుల్ తీసి, రెండోదానితో బూట్ అవుతుందో లేదో ఒకసారి చూసుకోండి.