పాత పద్మినికి ఒకే గ్రీజు డబ్బా సరిపోతుందా? వైజాగ్ బండికైతే సరిపోదు

80ల నాటి ప్రీమియర్ పద్మిని కారు రిపేర్ చేయిస్తున్నాను, అన్నిటికీ ఒకే గ్రీజు డబ్బా కొంటే చాలా అని ఒకరు అడిగారు. చాలదండి. మన ఊళ్లో బండికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క అరకు ఘాట్. ఉప్పుగాలికి ఒకటి, వేడికి ఒకటి, కనీసం రెండు డబ్బాలు ఉండాల్సిందే.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా నాన్నగారి పద్మినిలో అరకు వెళ్లాం. బయల్దేరే ముందు ఒక షెడ్డులో ముందు చక్రాల హబ్బులకి గ్రీజు పెట్టించారు, పసుపు రంగులో చూడ్డానికి భలే శుభ్రంగా ఉంది. ఎక్కేటప్పుడు ఏం తెలీలేదు. అక్కడ ఎత్తు 900 మీటర్లు ఉంటుంది కదా, దిగేటప్పుడు అనంతగిరి దాటాక వరసగా మలుపులు, బ్రేకు మీద కాలు తియ్యడానికి లేదు. డముకు దాటామో లేదో బ్రేకు కొడితే చాలు బండి కుడికి లాగేస్తోంది, మాడు వాసన కూడా మొదలైంది. నాన్నగారు పక్కకి ఆపి చూస్తే ఎడమ చక్రం లోపలి వైపు రిమ్ము మీదుగా గ్రీజు పులుసులా కారుతోంది. హబ్బులోది కరిగి, సీలు దాటి, బ్రేకు డ్రమ్ములోకి దిగి బ్రేకు షూ అంతా తడిపేసింది, ఇంక ఆ చక్రానికి బ్రేకు ఎక్కడ పడుతుంది? సెకండ్ గేరులో పాక్కుంటూ తైడ మీదుగా ఎస్.కోట చేరేసరికి అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ పెట్టింది కాల్షియం గ్రీజు. అది నీళ్లకి బాగా ఆగుతుంది కానీ మామూలు రకమైతే 100 డిగ్రీల లోపే చెడిపోతుంది, ఘాట్‌లో డ్రమ్ము వేడి దాన్ని సునాయాసంగా దాటేస్తుంది. మామూలు లిథియం 180 పైన గానీ కారదు, లిథియం కాంప్లెక్స్ అయితే 250 పైమాటే. హబ్బులకి లిథియం కాంప్లెక్స్, గ్రేడ్ 2 (గ్రేడ్ అంటే గ్రీజు చిక్కదనం), అంతే, బేరాల్లేవు. అది కూడా బేరింగు రోలర్ల మధ్యకి వేళ్లతో నొక్కి పెట్టాలి, హబ్బు ఖాళీ మొత్తం నింపెయ్యకూడదు, మూడో వంతు చాలు.

కింగ్ పిన్నులకి (ముందు చక్రాలు స్టీరింగుతో తిరిగే ఇరుసులు), బండి కింద గ్రీజు ఎక్కించే నిపుల్స్‌కి మాత్రం ఆ కాల్షియందే మంచిదంటాను. బీచ్ రోడ్డు దగ్గర ఇల్లుంటే మీకే తెలుస్తుంది, గేటు మడతబందులు ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టేస్తాయి, ఇంక బండి కింద భాగం సంగతి చెప్పాలా. గ్రీజు గన్ పెట్టేటప్పుడు జాకీ మీద లేపి చక్రాలు వేలాడనివ్వండి, బరువు మీద ఉంటే గ్రీజు అవసరమైన వైపుకి వెళ్లదు. నల్లటిది పోయి కొత్తది బయటకి కనిపించే దాకా కొట్టాలి. మన షెడ్డుల్లో రెండు దెబ్బలు కొట్టి అయిపోయింది సార్ అంటారు, నిపుల్ మూసుకుపోయి ఉంటే గన్ నుంచి వచ్చిందంతా బయటే ముద్దగా ఉంటుంది, అది తుడిచేసి బిల్లు ఇస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంకోటి, లూజు గ్రీజు. 1957 నుంచి రిఫైనరీ ఉన్న ఊళ్లో కూడా పాలిథిన్ కవర్లో తూకానికి కట్టి ఇస్తున్నారు, మూత లేని డ్రమ్ములోంచి తీస్తారు, అందులో ఇసుక కూడా వస్తుంది. ఆ ఇసుక బేరింగులో పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. రంగు చూసి కూడా కొనకండి, ఎరుపు, నీలం, పసుపు అన్నీ కంపెనీ కలిపే రంగులే. డబ్బా వెనక ఏ సోపు (నూనెని చిక్కబరిచేది, కాల్షియమా లిథియమా), డ్రాపింగ్ పాయింట్ (కరిగి కారే వేడి) ఎంత అన్నది చదవండి.

పాతదాని మీద కొత్తది పూసెయ్యొద్దు. క్లే గ్రీజూ (సోపు బదులు బంకమట్టితో చిక్కబరిచింది) లిథియమూ కలిస్తే రెండూ పలచబడి కారిపోతాయి, మీ బండిలో ముందు ఏం పెట్టారో ఎవరికీ తెలీదు కాబట్టి బేరింగులు కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టించండి. హబ్బు ఎలాగూ విప్పుతారు, సీళ్లు కూడా కొత్తవి వేయించెయ్యండి. బ్రేకు సిలిండర్ రబ్బర్లకి మాత్రం ఈ రెండు డబ్బాల్లో ఏదీ తగలనివ్వకండి, మినరల్ ఆయిల్‌కి అవి ఉబ్బిపోయి పిస్టన్ పట్టేస్తుంది. వాటికి ఎర్రటి రబ్బర్ గ్రీజు విడిగా చిన్న ట్యూబు దొరుకుతుంది, మెకానిక్ దగ్గర ఉంటుందిలే అనుకోకుండా మీరే కొనుక్కుని పట్టుకెళ్లండి.