చవక ఈ-రీడర్ నిజంగా టాబ్లెట్ అవుతుందా? అక్క నూక్ మీద చేసిన అనుభవంతో చెప్తున్నాను

"తక్కువ ధరకి ఒక ఈ-రీడర్ దొరుకుతోంది. సాఫ్ట్‌వేర్ మార్చేస్తే పూర్తి టాబ్లెట్‌లా వాడుకోవచ్చట. నిజమేనా? మధ్యలో పాడైపోతే ఎలా?" అని అడిగారు.

నిజమే. నేను చేశాను, అది కూడా నాది కాని దాని మీద. మీ ప్రశ్నలో అందరూ మొదటి సగానికే జవాబు చెప్తారు. నాకు మాత్రం రెండో సగమే అసలు ప్రశ్న అనిపిస్తుంది. పాడైతే వెనక్కి రావడానికి దారి ఉందా లేదా అన్నది ముందు చూసుకోవాలి. ప్రాసెసర్ ఎంత, ర్యామ్ ఎంత అన్నవి ఆ తర్వాతి సంగతులు.

ఇది 2011 నాటి మాట. మేమిద్దరం అప్పుడు అమెరికాలో ఉన్నాం, అక్క ఉద్యోగంలో, నేను చదువులో. అక్క దగ్గర బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల దుకాణాల కంపెనీ వాళ్ల ఈ-రీడర్ నూక్ కలర్ ఉండేది. 2010 ఏప్రిల్‌లో వచ్చిన ఐప్యాడ్ ధర 499 డాలర్ల దగ్గర మొదలైతే, అదే ఏడాది నవంబరులో వచ్చిన నూక్ కలర్ ధర 249. దాదాపు సగం. అలాగని చేతిలో పట్టుకుంటే సగం వస్తువులా ఉండేది కాదు. 7 అంగుళాల రంగుల తెర, 1024×600 రిజల్యూషన్, 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ. లోపల నడిచేది ఆండ్రాయిడ్ 2.1. ఆ ఆండ్రాయిడ్ కనపడకుండా పైన పుస్తకాల దుకాణం ఒకటి పరిచేశారు. పుస్తకం కొనుక్కో, చదువుకో, ఇంకేమీ అడక్కు అన్నట్టు.

అక్క బాధ వేరు. దాంట్లో ఉన్న బ్రౌజర్‌లో తెలుగు సైట్ తెరిస్తే అక్షరాల బదులు వరసగా డబ్బాలు కనపడేవి. "ఒరేయ్, ఇంత మంచి తెర పెట్టుకుని దీంట్లో తెలుగు రాదేంట్రా?" అని నాకు చూపించింది. వారాంతానికి నా చేతికిచ్చి, "ఏం చేస్తావో చేసుకో. ఆదివారం సాయంత్రానికి నాకు ఇచ్చేయాలి. నా పుస్తకాలు పోకూడదు" అంది.

నూక్ కలర్‌లో ఒక గొప్ప గుణం ఉంది. ఆన్ చేయగానే అది ముందు మైక్రో ఎస్‌డీ కార్డు వైపు చూస్తుంది. కార్డులో బూట్ అయ్యే సిస్టమ్ ఉంటే దాంతో లేస్తుంది, లేకపోతే లోపలి మెమరీకి వెళ్తుంది. అంటే లోపల ఒక్క బైటు కూడా ముట్టుకోకుండా పూర్తి ఆండ్రాయిడ్‌ని కార్డు మీద నడిపి చూడొచ్చు. కార్డు తీసేస్తే మళ్లీ మామూలు పుస్తకాల రీడరే. ఈ ఒక్క గుణం వల్లే దాని చుట్టూ అంతమంది చేరారు. సయనోజెన్‌మాడ్ 7, అంటే ఆండ్రాయిడ్ 2.3 మీద బయటివాళ్లు కట్టిన రోమ్ (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే సిస్టమ్), 2011 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు అది నడిచే పరికరాల జాబితాలో ఫోన్ల పక్కన ఈ పుస్తకాల రీడర్ కూడా ఉంది.

శుక్రవారం రాత్రి కార్డు తయారు చేశాను. ఇమేజ్, అంటే ఆ సిస్టమ్ మొత్తం ఉన్న ఫైల్, రాసేశాక 8 జీబీ కార్డుని ల్యాప్‌టాప్‌లో పెడితే వంద ఎంబీ చిల్లరే చూపించింది. అక్కడే చాలామందికి కంగారు పుడుతుంది, కార్డు పోయిందనుకుంటారు. పోలేదు. ముందున్న చిన్న బూట్ పార్టిషన్ (కార్డులో ఒక భాగం) ఒక్కటే అప్పటి విండోస్‌కి కనపడేది, మిగతాది ఉన్నా చూపించేది కాదు. కార్డు నూక్‌లో పెట్టి పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే తెర మీద మూలన లైనక్స్ పెంగ్విన్ బొమ్మ వచ్చింది, దాని కింద తెల్లటి అక్షరాలు జలజలా పైకి పోయాయి. కాసేపటికి ఆండ్రాయిడ్ హోం స్క్రీన్. నా జీవితంలో ఒక యంత్రం అంత సంతోషం ఇచ్చిన సందర్భాలు తక్కువ.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. శనివారమంతా వాడాక కొంచెం మొండిగా అనిపించింది. ఏదైనా యాప్ నొక్కితే ఒక క్షణం ఆలోచించి తెరిచేది. లోపలి మెమరీలోనే వేసేస్తే చకచకా నడుస్తుందని అందరూ అంటున్నారు కదా, అదీ చేద్దామనుకున్నాను. రాత్రి పన్నెండు దాటాక రికవరీ, అంటే పాత సిస్టమ్ చెరిపి కొత్తది ఎక్కించే చిన్న ప్రోగ్రామ్, ఉన్న రెండో కార్డు పెట్టాను. ముందు బ్యాకప్ తీశాను, అది మాత్రం బుద్ధిగా చేశాను. సిస్టమ్ విభాగాన్ని ఫార్మాట్ చేశాను. కొత్త సిస్టమ్ ఉన్న జిప్ ఫైల్ ఎంచుకున్నాను. రెండు లైన్లు వచ్చాయి. ఫైల్ తెరవలేకపోయాను, ఇన్‌స్టలేషన్ ఆపేశాను అని. అంటే పాత సిస్టమ్ చెరిగిపోయింది, కొత్తది ఎక్కలేదు.

అప్పుడు కూడా కూర్చుని ఆలోచించాల్సింది. టెన్షన్‌లో కార్డు లాగేసి రీస్టార్ట్ చేశాను. తెర వెలిగింది, ఆ వెలుగు దగ్గరే నిలబడిపోయింది. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపడం, మళ్లీ ఆన్ చేయడం, మళ్లీ అదే. ఛార్జర్ పెట్టి చూశాను. దాని కేబుల్ కొసన కంపెనీ గుర్తు ఒకటి చిన్న దీపంలా వెలుగుతుంది, ఛార్జ్ అవుతుంటే నారింజ రంగు, నిండితే ఆకుపచ్చ. చీకటి గదిలో ఆ నారింజ దీపం ఒక్కటే కనపడుతూ ఉంటే, ప్రాణం ఇంకా ఉంది అని నాకు నేను చెప్పుకున్నాను. తెల్లారితే ఆదివారం. వస్తువు అక్కది.

రెండున్నర ప్రాంతంలో గుర్తొచ్చింది, ఇది ముందు కార్డు వైపు చూస్తుంది కదా అని. శుక్రవారం చేసిన మొదటి కార్డు పెట్టి ఆన్ చేశాను. పెంగ్విన్ వచ్చింది! లోపల సిస్టమ్ అన్నదే లేని పరికరం, కార్డు మీద నుంచి ఏమీ జరగనట్టు లేచి కూర్చుంది. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో ఆ జిప్ ఫైల్ ఎండీ5, అంటే ఫైల్ చెడకుండా వచ్చిందో లేదో చెప్పే వేలిముద్ర లాంటి లెక్క, తీసి రోమ్ పేజీలో ఇచ్చిన దానితో పోల్చాను. 32 అక్షరాల్లో మొదటి రెండింటి దగ్గరే తేడా కనపడింది. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ తెగి ఫైల్ సగంలో ఆగిపోయింది, నేను చూసుకోలేదు. మళ్లీ దించి, ఈసారి 32 అక్షరాలూ వేలు పెట్టి ఒక్కొక్కటి సరిచూసి, అప్పుడు ఎక్కించాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. తర్వాత తెలిసింది, బూట్ పూర్తి కాకుండా వరసగా 8 సార్లు ఆగిపోతే ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌ని తనంతట తానే తిరిగి వేసుకునే ఏర్పాటు కూడా దాంట్లో పెట్టారని. ఇంత క్షమించే వస్తువుని నేను మళ్లీ చూడలేదు.

అందుకే అంటున్నాను, ఎండీ5 సరిచూడమని చెప్పని వీడియోని నమ్మకండి. ఇప్పుడు ఎక్కడ చూసినా "ఒక్క క్లిక్‌తో రూట్" అని వీడియోలు. రూట్ అంటే పరికరం మీద పూర్తి అధికారం తెచ్చుకోవడం. వెనక పాట వేసి, స్క్రీన్ మీద మౌస్ తిప్పి, చివర్లో అయిపోయింది అంటారు. పని పాడైతే ఏం చేయాలన్నది ఒక్కరూ చూపించరు. పాడైన పరికరాన్ని మళ్లీ లేపి చూపించినవాడే నా దృష్టిలో గురువు.

కార్డుల విషయంలోనూ ఇంతే మోసపోతాం. క్లాస్ 10 కార్డు అంటే వేగం ఎక్కువ అని అందరూ అదే కొంటారు. ఆ అంకె చెప్పేది పెద్ద ఫైల్‌ని ఏకధాటిగా రాసే వేగం మాత్రమే. క్లాస్ 4 అంటే సెకనుకి కనీసం 4 ఎంబీ, క్లాస్ 10 అంటే 10 ఎంబీ. వీడియో తీసే కెమెరాకి అది పనికొస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అలా రాయదు, ఎక్కడెక్కడో చిన్న చిన్న ముక్కలు రాస్తూ చదువుతూ ఉంటుంది. ఆ పనిలో కొన్ని క్లాస్ 4 కార్డులు క్లాస్ 10 వాటికంటే బాగా నడిచేవి. శనివారం నాకు కనపడిన మొండితనం సగం నూక్‌ది కాదు, నా కార్డుదే అని నాకు గట్టి నమ్మకం. ఈ సంగతి కార్డు కొన్న రోజు తెలిసుంటే ఆ రాత్రి అసలు వచ్చేదే కాదు.

ఆదివారం అక్క చేతిలో పెట్టాను. "పుస్తకాలున్నాయా?" అన్నదే మొదటి ప్రశ్న. ఉన్నాయి, అదే కంపెనీ పుస్తకాలు చదివే యాప్ ఆండ్రాయిడ్‌కీ ఉంది కాబట్టి ఆవిడ ఖాతాతో లాగిన్ అవగానే అన్నీ వచ్చేశాయి. తర్వాత తెలుగు. సయనోజెన్‌మాడ్ వేసినా బ్రౌజర్‌లో డబ్బాలే, ఎందుకంటే ఆ రోజుల ఆండ్రాయిడ్‌లోనే తెలుగు ఫాంటు లేదు. ఒపేరా మినీ అనే బ్రౌజర్ వేసి, అడ్రస్ గడిలో ఒపేరా కోలన్ కాన్ఫిగ్ అని కొట్టి, క్లిష్టమైన లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడు అన్న చోట యస్ పెట్టాను. దాంతో వాళ్ల సర్వర్ తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపుతుంది. కాపీ చేయలేం, కానీ చదవొచ్చు. అక్క తెర దగ్గరకి తీసుకుని ఒక పేరా మొత్తం పైకి చదివింది. "కొంచెం ముద్దగా ఉన్నాయిరా, అయినా ఒత్తులు సరిగ్గా ఉన్నాయి" అంది. ఆ తరం వాళ్లకి ఈ చిట్కా ఎంత పెద్ద విషయమో ఇప్పుడు చెప్పినా అర్థం కాదు.

ఇంకో ఆశ్చర్యం బ్లూటూత్. నూక్ కలర్‌కి బ్లూటూత్ ఉందని కంపెనీ ఎక్కడా చెప్పలేదు. లోపలి వైఫై చిప్‌లోనే బ్లూటూత్ కూడా ఉంది, దాన్ని వాడకుండా వదిలేశారు. కొత్త రోమ్ దాన్ని లేపింది. యాంటెన్నా దాని కోసం పెట్టింది కాదు కాబట్టి కీబోర్డు బాగా దగ్గరగా ఉంటేనే పట్టేది. అయినా డబ్బు పెట్టి కొన్నవాళ్లకి లోపల ఏముందో తెలియకపోవడం, తెలుసుకుని వాడుకుంటే తప్పు చేసినట్టు చూడటం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అమెరికాలో 2012లో సాఫ్ట్‌వేర్ తాళాలు తీసుకోవడానికి కాపీరైట్ చట్టం నుంచి ఇచ్చే మినహాయింపుల మీద నిర్ణయం వచ్చినప్పుడు ఫోన్లకి సరే అన్నారు, టాబ్లెట్లకి కాదన్నారు. టాబ్లెట్ అంటే ఏమిటో సరిగ్గా నిర్వచించలేదు, అలా చూస్తే ఈ-బుక్ రీడర్‌ని కూడా టాబ్లెట్ అనొచ్చేమో అన్నది అందులో చెప్పిన కారణాల్లో ఒకటి. చదివి నేను కుర్చీలోంచి లేచాను. అనొచ్చు, మా అక్క ఇంట్లో అలాంటిది ఒకటి ఉంది! టాబ్లెట్లకి ఆ మినహాయింపు రావడానికి 2015 దాకా పట్టింది.

ఇప్పుడు మీ సంగతి. మీకు దొరికేది రంగుల ఎల్‌సీడీ తెర ఉండి, లోపల ఆండ్రాయిడ్ నడిచేదైతే, అప్పుడు ఆలోచించండి. నలుపు తెలుపు ఈ-ఇంక్ తెర అయితే టాబ్లెట్ ఆశ వదిలేయండి. 2011లో వచ్చిన నూక్ సింపుల్ టచ్‌లోనూ ఆండ్రాయిడ్ 2.1 ఉంది, దాన్నీ రూట్ చేశారు. కానీ ఈ-ఇంక్ మీద వీడియో చూడటం కంటికి శిక్ష. కిండిల్, కోబో ఈ-ఇంక్ రీడర్లలో ఆండ్రాయిడే ఉండదు, లైనక్స్ ఉంటుంది. వాటిలో కోరీడర్ అనే పుస్తకాలు చదివే ప్రోగ్రామ్ వేసుకుంటే ఈపబ్, పీడీఎఫ్ హాయిగా చదువుకోవచ్చు. ఈ-ఇంక్ ఉన్నది చదవడానికి, దాన్ని చదవడానికే ఉంచండి.

పాత నూక్ కలరే ఎవరైనా అమ్ముతుంటే మాత్రం టాబ్లెట్ కోసం కొనకండి. దాని మీద నాకెంత ప్రేమ ఉన్నా ఈ మాట చెప్పాలి. సైట్లతో భద్రంగా మాట్లాడటానికి బ్రౌజర్లు వాడే టీఎల్‌ఎస్ 1.2 పద్ధతి ఆండ్రాయిడ్‌లో మామూలుగా ఆన్ అయి వచ్చింది 5.0 నుంచి. 2.3 బ్రౌజర్‌తో ఈ రోజుల్లో చాలా సైట్లు అసలు తెరుచుకోవు.

మీకు దొరుకుతున్నది ఏ మోడలో ప్రశ్నలో రాయలేదు. వెనకాల చిన్న అక్షరాలతో మోడల్ నంబరు ఉంటుంది, అది రాయండి. కార్డు నుంచి బూట్ అవుతుందా, బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ముందు నడిచి సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) తాళం తీయడానికి వస్తుందా, ఫ్యాక్టరీ ఇమేజ్ (కంపెనీ వేసిన అసలు సాఫ్ట్‌వేర్ ఫైల్) ఎక్కడైనా దొరుకుతుందా అన్న మూడూ చూసి చెప్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.